మేస్త్రి సరిచేసిన రోడ్డు

మా వీధి తాపీమేస్త్రి కాంట్రాక్టరు మీద పగబట్టి, ఆయన ఇంటి మీదికే బుల్డోజరు తోలించాడని ఒక మాట ఊళ్ళో తిరుగుతోంది. ఎప్పుడో ఆ ఇంటి ప్రహరీ కట్టినప్పుడు కాంట్రాక్టరు చూసి, గోడ వంకరగా ఉందేమిటయ్యా అన్నాడట. ఆ మాట మేస్త్రి మనసులో పెట్టుకుని ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చున్నాడట. కూరలబండి దగ్గర ఒకరు చెప్పారు, మందులషాపు దగ్గర ఇంకొకరు చెప్పారు. చివరికి మా ఇంట్లో మా కోడలే నాకు చెప్పింది. ఈ వీధిలో ఏ మాటైనా నా దగ్గర బయల్దేరి పక్కింటికి పోవాలి గానీ, ఊరంతా తిరిగి అలిసిపోయి నా దగ్గరికి రావడమేమిటి? అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా చదువు అయిదో తరగతి. మేస్త్రి సంగతి రాయడానికి అది చాలు.

ముందు ఆ గోడ గురించి చెప్పాలి. దాన్ని వంకర అన్న మనిషి ఇంకా పుట్టలేదు. ఒక చివర చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూస్తే, రెండో చివర దాకా చూపు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయేది. నేను స్వయంగా చూశాను. చెంపకి సున్నం అంటింది గానీ చూపు మాత్రం ఆగలేదు. మేస్త్రి కట్టిన గోడలు ఊరినిండా ఉన్నాయి. అయినా చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపించేది దీన్నే. లోకంలో అందరూ చుట్టాల్ని సినిమాకో పార్కుకో తీసుకెళ్తారు. మేస్త్రి దగ్గర బావమరిది వచ్చినా గోడే, తోడల్లుడు వచ్చినా గోడే. ఆ ఇంటి కాపలావాడు కూడా అలవాటుపడిపోయి, మేస్త్రి కనిపిస్తే ఏమీ అడక్కుండా గేటు తీసేవాడు. చుట్టూ తిరిగి ఇంటి వెనక మూల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రికి మాట ఆగిపోయేది. ఊరికే గుటకలు మింగేవాడు. తను చేసిన పని చూసి తనకే గుండె నిండిపోతోంది పాపం అనుకునేవాళ్ళం.

మేస్త్రి భార్య ఈ వీధిలోకి కాపురానికి వచ్చిన రోజే నన్ను అక్కా అని పిలిచింది. ఆ లెక్కన ఆయన నాకు మరిది, నేను ఆయనకి వదినని. సన్నగా, నిటారుగా, నేలలో పాతిన గుంజలాగా ఉంటాడు. మంచివాడు. తాగడు, తిట్టడు, ఒకరి జోలికి పోడు. ఒక్కటే జబ్బు. వంకర చూడలేడు.

చూడలేడంటే మామూలుగా కాదు. మా ఇంటికి వచ్చి కూర్చుంటే ముందు మా మామగారి ఫొటో సర్దుతాడు, తర్వాత మా బాగోగులు అడుగుతాడు. మంగలిషాపులో సగం గడ్డం గీయించుకుని, సబ్బు నురగతోనే లేచి, అద్దం సరిచేసి వచ్చి కూర్చున్నాడు. డాక్టరు గుండెమీద గొట్టం పెట్టి ఊపిరి పీల్చమంటే, పీల్చినట్టే పీల్చి చెయ్యి చాపి ఆయన బల్ల మీది కాగితాలు దొంతరగా పేర్చాడు. ఒకసారి చావింటికి పరామర్శకని వెళ్ళాం. అందరం తల వంచుకుని కూర్చుంటే, ఈయన నేల మీద పాకుతూ బెంచీ కోడు కింద చెక్కపేడు దూరుస్తున్నాడు. ఇంటావిడ ఏడుపు ఆపి, చాలా రోజులుగా ఊగుతోంది బాబూ, చల్లగా ఉండు అంది.

పనిలో ఉన్నంతకాలం ఈ జబ్బు ఊరికి ఉపయోగపడింది. మోకాళ్ళు అరిగి, గోడకి కట్టే సారవ కర్రలు ఎక్కలేక ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక, అంతా మా చెల్లెలి మీద పడింది. చెల్లెలంటే మేస్త్రి భార్యే. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఉండేది రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, వెనకగదిలో మంచం, పొయ్యి, గిన్నెల అర. అర లోని గరిటెలన్నీ ఒకే వైపు చూడాలి. డబ్బాల మీది బొమ్మలు ఎదురుగా కనిపించాలి. మనిషి అన్నం తింటూ తింటూ లేచి, గోడ మీది క్యాలెండరు సర్ది, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఆమె కుట్టిన అంచు మీద రసమట్టం పెట్టి చూస్తాడు. రసమట్టమంటే మేస్త్రీలు పట్టుకుంటారే, గాజుగొట్టంలో బుడగ అటూ ఇటూ పరిగెత్తే చెక్క, అది. ఒకనాడు మధ్యాహ్నం ఆమె కాస్త నడుం వాల్చిందట. కన్ను మూత పడిందో లేదో, ఎవరో మెల్లగా కాళ్ళు పట్టుకుని జరుపుతున్నారు. ఉలిక్కిపడి లేచి చూస్తే మొగుడే.

"మంచానికి ఓరగా పడుకున్నావ్, పడుకో పడుకో, అయిపోయింది" అన్నాడట.

ఆ రోజు ఆమె దారపు కండె విసిరింది. అది ఆయన నుదుటికి తగిలి, ఎగిరి గిన్నెల అర మీద పడి, ఒక గరిటె వెనక్కి తిరిగింది. ఈయన ముందు వెళ్ళి ఆ గరిటె సరిచేసి, తర్వాత నుదురు తడుముకున్నాడు.

సాయంత్రం దీపాలు వెలిగేదాకా ఇంటికి రావద్దని ఆమె గట్టిగా చెప్పేసింది. కిరాణాకొట్టుకి వెళితే సీసాలు సర్దాడని కొట్టువాడు పంపేశాడు. సైకిలుషాపులో వేలాడే టైర్లన్నీ పెద్దవీ చిన్నవీ వరసపెడుతుంటే వాడూ పంపేశాడు. బస్టాపులో నిలబడ్డ జనాన్ని ఒకరి వెనక ఒకరు నిలబడమని సర్దబోతే, ఒక లావుపాటాయన కొట్టినంత పని చేశాడు. ఇక మిగిలింది ఏటి ఒడ్డు అడివి.

మా వీధి చివర బీడు ఉంది. బీడు దాటితే అడివి, అడివి దాటితే ఏరు. పెద్ద అడివేమీ కాదు, పులులూ సింహాలూ లేవు. ఉడతలు, ముంగిసలు, నీళ్ళకోళ్ళు, మనిషి కనపడగానే తిట్టినట్టు అరిచే ఒక పిట్ట, అంతే. కానీ అందులో వెతికినా ఒక తిన్నని వస్తువు దొరకదు. చెట్టు పుట్టడమే ఒక పక్కకి ఒరిగి పుడుతుంది, మధ్యలో మనసు మార్చుకుని ఇంకో పక్కకి పోతుంది. తీగలు ఎటు పోతున్నాయో వాటికే తెలీదు. ఏరు సరేసరి, పది అడుగులు తిన్నగా పారిన పాపాన పోలేదు.

మొదటిరోజు వెళ్ళొచ్చి మేస్త్రి జ్వరం తెచ్చుకున్నాడు. రెండోరోజు రాలిన పుల్లలన్నీ ఏరి పొడుగు వారీగా పేర్చి వచ్చాడట. మర్నాటికి వాటిని ఏదో జంతువు చిందరవందర చేసింది. ఒరిగిన చెట్టొకటి చూసి ఊరుకోలేక తాడు పట్టుకెళ్ళి లాగి కట్టాడు. ఆ చెట్టు తాడుతో సహా ఇంకాస్త ఒరిగింది. ఇలా కొన్నాళ్ళు యుద్ధం జరిగింది. మనిషి ఒకడు, అడివి అంత. చివరికి మేస్త్రి చేతులెత్తేసి ఒక దుంగ మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మా చెల్లెలు సూది గుచ్చిన గుడ్డముక్క చేతిలో ఉండగానే పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. ఏ చెడు వినాల్సొస్తుందో అనుకున్నాను.

"అక్కా, క్యాలెండరు వంకరగా ఉంది. ఆయన దాని ఎదురుగానే కూర్చుని అన్నం తింటున్నాడు. చూడలేదక్కా."

నేను వెళ్ళి చూశాను. నిజంగానే క్యాలెండరు ఒక పక్కకి వాలి ఉంది. మేస్త్రి దాని కింద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. పరీక్ష చేద్దామని నేను పక్కనే ఉన్న ఆయన ఫొటోని మేకు మీద వంకరగా తిప్పాను. ఆయన నవ్వి, ఎలా ఉన్నారు వదినా, అన్నాడు. ఫొటో వైపు చూడకుండా ముందు నా బాగోగులు అడగడం అదే మొదలు.

అడివిలో ఏం చేస్తున్నాడో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. తర్వాతి రోజు చీపురుపుల్లలు కావాలనే వంకతో వెనకాల వెళ్ళాను. ఏమీ చెయ్యడు. దుంగ మీద కూర్చుంటాడు. నోరు కొంచెం తెరిచి, ఒడ్డున నీళ్ళలోకి దిగిన వేళ్ళవంక చూస్తూ ఉంటాడు. చేతులు రెండూ ఒళ్ళో నిద్రపోతున్న పిల్లుల్లా పడి ఉంటాయి. ఆ చేతులు కదలకుండా ఉండగా నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. పిట్ట నన్ను చూసి అరిచి రచ్చ చేయకపోతే ఇంకాసేపు చూసేదాన్నే.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ కాపురం హాయిగా సాగింది. రోజూ మధ్యాహ్నం అడివి, సాయంత్రం ఇల్లు. ఏ రోజైనా వాన పడి వెళ్ళలేకపోతే గరిటెలు మళ్ళీ వరసలోకి వచ్చేవి. తెల్లారి వాన తగ్గగానే మా చెల్లెలు గొడుగు చేతికిచ్చి తోసేది.

అలాంటి అడివిలోంచి రోడ్డు వేస్తున్నారని కబురొచ్చింది. ఏటి మీద వంతెన కడతారట, అటుపక్క ఇళ్ళస్థలాలు వేస్తారట, పెద్దరోడ్డు నుంచి వంతెన దాకా నాలుగు బళ్ళు పక్కపక్కన పోయే రోడ్డట. పని తీసుకున్నది ఎవరో కాదు, బీడు చివర ఏటి ఒడ్డున ప్రహరీ కట్టించుకుని ఉంటున్న మన కాంట్రాక్టరే. వీధిలో కొంతమంది సంతోషించారు. మందులషాపాయనైతే కొత్త బోర్డుకి రంగులు కూడా ఎంచుకున్నాడు. మా చెల్లెలు మాత్రం మిషను మీద ముసుగు కప్పేసి, మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగింది.

"అడివి ఉంటే నేనుంటాను. అది పోయిందా, మా అక్క ఊరికి పోతాను. ఈయన్ని ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లో పెట్టుకుని నేను బతకలేనక్కా. ఈసారి పోతే రాను."

ఇది మొగుడి ఎదురుగానే అంది. సొంత అక్క గురించి అంటోందని నాకు అర్థమై కాస్త కష్టం కూడా కలిగింది. మేస్త్రి విన్నాడో లేదో తెలీదు. పెట్టె గోడకి సమానంగా లేదని జరుపుతున్నాడు.

నేను ఊరుకుంటానా? వీధి పెద్దల్ని పోగుచేసి కాంట్రాక్టరు ఇంటికి తీసుకెళ్ళాను. మేస్త్రిని కూడా వెంటబెట్టుకున్నాం. కాంట్రాక్టరు మర్యాదస్తుడే, చిన్న చిన్న కప్పుల్లో టీ ఇప్పించాడు. అడివిలో ఏముందమ్మా, చెట్లేగా అన్నాడు. పిట్టలున్నాయన్నాను. పిట్టలకి రెక్కలున్నాయన్నాడు. ఏటికి వరదొస్తే నీళ్ళని ఆపేది ఆ అడివే, అది లేకపోతే నీళ్ళు మా వంటిళ్ళలోకి వస్తాయని సైకిలుషాపతను అన్నాడు. దానికి కాంట్రాక్టరు గోడ కట్టిస్తానన్నాడు. చెట్లంటే అంత ప్రాణమైతే రోడ్డుకి రెండు పక్కలా వరసగా, ఒకే ఎత్తువి, సమాన దూరంలో కొత్తవి నాటిస్తానని కూడా అన్నాడు.

సమాన దూరం అనేసరికి మా అందరి తలలూ మేస్త్రి వైపు తిరిగాయి. ఆయన కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను చూశాను. ఈయనగాని ఆహా అన్నాడంటే మా పని అయిపోయినట్టే. మేస్త్రి టీ కప్పుల చెవులన్నీ ఒకే వైపుకి తిప్పి, పళ్ళెం బల్ల మధ్యకి జరిపి లేచాడు.

తర్వాత సర్వేవాళ్ళు వచ్చి రోడ్డు పోయే దారిలో కొయ్యమేకులు పాతి పోయారు. ప్రతి మేకుకీ కొసన ఎర్రరంగు. ఊళ్ళో సగంమందికి అర్థం కానిది ఇక్కడే కాబట్టి నిదానంగా చెబుతాను. మేకుల వరస పెద్దరోడ్డు దగ్గర మొదలై బీడులోంచి తిన్నగా ఏటివైపు వస్తుంది. అలాగే వచ్చేస్తే కాంట్రాక్టరు ఇంటి వెనక మూలకి తగిలి, ఆయన తోటలోంచి ఏట్లోకి దిగాలి. కానీ వరస అలా రాలేదు. ఆ ఇల్లు ఇంకా కొంత దూరం ఉందనగానే మోచెయ్యి మడిచినట్టు పక్కకి తిరిగి అడివిలోకి దూరింది. అడివిని అడ్డంగా కోసుకుంటూ పోయి ఏరు చేరింది. అంటే సగం వరస బీడులో, సగం అడివిలో, మధ్యలో పెద్ద వంకర.

ఆ సాయంత్రం మేస్త్రి అడివి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే వెళ్ళి క్యాలెండరు సర్దాడు. తర్వాత గరిటెలు సర్దాడు. మా చెల్లెలు పెట్టెలో చీరలు పెట్టుకుంది.

తెల్లవారి మేస్త్రి అటక ఎక్కి పాత పనిసంచి దించాడు. దారపు ఉండ, కొయ్యసుత్తి తీసుకుని బయల్దేరాడు. గుమ్మంలో నిలబడి ఎక్కడికి మరిదీ అన్నాను. దారం చిక్కుపడింది వదినా, విప్పుకుందామని, అన్నాడు. చేతిలో దారం చక్కగా ఉండ చుట్టి ఉంది. అబద్ధమాడటం రాని మనిషి అబద్ధమాడితే అలాగే ఉంటుంది. నేను వెనకాల పోదామనుకుంటుండగా మా కోడలికి పురుటి నొప్పులు మొదలై ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. మనవరాలు పుట్టింది, సంతోషమే. కానీ నా జన్మలో చూడాల్సిన దృశ్యం ఒకటి ఆ పిల్ల వల్ల తప్పిపోయింది. తర్వాత కాపలావాణ్ణి, కాంట్రాక్టరు అత్తగారిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

మేస్త్రి బీడులో వరస మొదట దారం కట్టి, అది ఎటు చూపిస్తే అటు లాక్కుంటూ పోయాడు. అడివిలోని మేకులన్నీ పీకి, చంకన పెట్టుకుని తెచ్చి, దారం వెంబడి తిన్నగా పాతాడు. దారం వెళ్ళి ఆయన కట్టిన గోడ మూలకే తగిలింది. గోడ బయట ఒక మేకు పాతి, చుట్టూ తిరిగి గేటు దగ్గరికి వెళ్ళాడు. కాపలావాడు అలవాటు ప్రకారం ఏమీ అడక్కుండా గేటు తీశాడు. చుట్టాలు రాలేదా ఇవాళ, అని మాత్రం అన్నాడట. మేస్త్రి లోపలికి వెళ్ళి తోటలో, పచ్చిక మధ్యలో, పూలపాదులో, ఉయ్యాల కిందా మేకులు పాతి, కాపలావాడికి దండం పెట్టి వచ్చేశాడు.

కాంట్రాక్టరు ఆ పక్కకి చూసే మనిషి కాదు. ముందువాకిట్లో కారెక్కితే ముందువాకిట్లో దిగుతాడు. ఆయన అత్తగారు మాత్రం రోజూ తోటలోకి వస్తుంది. ఆవిడకి చూపు అంతంతమాత్రం. మేకుల కొసన ఎర్రరంగు చూసి, అల్లుడు మొగ్గలతో ఉన్న మొక్కలు తెప్పించాడనుకుంది. రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోసింది. ఒక మేకు ఎంతకీ చిగురించకపోతే దానికి ఎరువు కూడా వేసిందట.

ఇక బుల్డోజరు నడిపిన డ్రైవరు సంగతి. అతను వేరే ఊరివాడు. కాంట్రాక్టరుని ఎన్నడూ చూడలేదు, ఫోన్లోనే మాట. మా వీధి జనం అడ్డం పడతారని కాంట్రాక్టరుకి భయం. అందుకని ఊరు లేవకముందే పని మొదలుపెట్టమని చెప్పి, గట్టిగా జాగ్రత్తలు చెప్పాడట. ఆడవాళ్ళు అరుస్తారు, ముసలివాళ్ళు శాపాలు పెడతారు, ఎవడో ఒకడు నేనే కాంట్రాక్టర్నని కూడా అంటాడు, ఎవరి మాటా వినకు, మేకు ఎటుంటే అటు పో, అన్నాడట. డ్రైవరు బుద్ధిమంతుడు. చెవుల్లో దూది పెట్టుకుని మరీ బయల్దేరాడు.

ఆ శబ్దానికి నేను లేచాను. అడివి పోతోందనుకుని, పసిపిల్ల స్నానం కూడా వదిలేసి, మా చెల్లెల్ని లాక్కుని బీడు వైపు పరిగెత్తాను. మేస్త్రి అప్పటికే అక్కడ ఉన్నాడు. బుల్డోజరు ఎర్రమేకుల వెంబడి బీడులోంచి తిన్నగా వస్తోంది. వంపు ఉండాల్సిన చోట వంపు లేదు. అడివిని పక్కన వదిలేసి, ఇంకా ముందుకి పోయింది. గోడ బయటి మేకు దగ్గర ఒక్క క్షణం ఆగింది. డ్రైవరు సీటు మీద లేచి నిలబడి, గోడ అవతల కూడా మేకులున్నాయా లేదా అని చూసుకుని, తృప్తిగా కూర్చుని, గోడ మూల పెళ్ళగించాడు. చెంప ఆనిస్తే చూపు జారిపోయే గోడ ఉప్పు బస్తాలా కూలింది. నేను మేస్త్రి చెయ్యి పట్టుకున్నాను, పడిపోతాడేమోనని. పడిపోలేదు. ఒక్క గుటక మింగాడు.

కాపలావాడు ఈలలు వేశాడు. అత్తగారు నా మొక్కలు నా మొక్కలు అంటూ చెంబు విసిరింది. ఉయ్యాల పోయింది. పాదులు పోయాయి. అప్పుడు కాంట్రాక్టరు సగం గడ్డం గీసుకుని, నురగతో, తువ్వాలుతో బయటికి వచ్చి యంత్రానికి అడ్డం నిలబడ్డాడు.

"ఆపరా! నేనేరా కాంట్రాక్టర్ని!"

డ్రైవరు ఒక చెవిలో దూది తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరు ఇలాగే అంటారని సారు ముందే చెప్పార్లెండి" అని, ఆయన్ని నొప్పించకుండా యంత్రాన్ని చుట్టూ తిప్పి, అవతలి మేకు వైపు పోయాడు. చివరికి పెరటిలో నీళ్ళట్యాంకు కాలు తెగి ట్యాంకంతా డ్రైవరు నెత్తిన పడితేగాని యంత్రం ఆగలేదు. దూది తడిసింది, అప్పుడు వినపడింది.

కాంట్రాక్టరు ఇంటి గోడ కూలిందంటే పెద్ద ఇంజనీరు రాకుండా ఉంటాడా? పెద్దకారులో వచ్చి, బురదలో ప్యాంటు ఎత్తిపట్టుకుని నిలబడి మేకుల వరస అటూ ఇటూ చూశాడు. రోడ్డు తిన్నగానే ఉంది కదా, గొడవేమిటి అన్నాడు. ఇక్కడ కాదండీ, అడివిలోకి తిరగాలండీ అన్నాడు కాంట్రాక్టరు. బీడంతా ఖాళీగా ఉండగా అడివిలోకి ఎందుకు తిరగాలి అని ఇంజనీరు అడిగాడు. చుట్టూ వీధంతా నిలబడి ఉంది. అప్పుడు అత్తగారు, అల్లుణ్ణి తక్కువగా చూస్తున్నారనుకుందో ఏమో, ముందుకొచ్చింది.

"మా ఇంటికి తగులుతుందని మా అల్లుడే పక్కకి తిప్పించాడు బాబూ. ఆయన మాటంటే మాటే. మీ ఆఫీసులో ఎవర్నైనా అడగండి."

ఇంజనీరు కారు తలుపు వేసుకున్న చప్పుడు బీడు అవతలికి వినపడింది. పని ఆగిపోయింది. రోడ్డు వస్తే బీడులోంచి తిన్నగా రావాలి, లేకపోతే లేదు అన్నారట పైవాళ్ళు. తిన్నగా వస్తే కాంట్రాక్టరు తోటలోంచి వస్తుంది. అందుకని ఇప్పుడు కాంట్రాక్టరే ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు, ఈ ఏటి ఒడ్డున రోడ్డే వద్దని. మొన్న ఒక సభలో చెట్లు మన ప్రాణాలు అని చెప్పి కంటతడి కూడా పెట్టాడు. పిట్టల గురించి ఆయన మాట్లాడినంత చక్కగా నాకు కూడా రాదు.

మా చెల్లెలు పెట్టెలోంచి చీరలు తీసి, మిషను మీది ముసుగు తీసింది. ఇప్పుడు ఆమె నడకే మారింది. మొగుడు తన కోసం అంత పెద్ద గోడ కూల్పించాడని, జాకెట్టు కొలతలకి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెబుతుంది. ఊరేమో పగ అంటోంది. మందులషాపాయన పిచ్చి అంటున్నాడు. నాకు ఏదీ పూర్తిగా మింగుడు పడలేదు. పగే అయితే, తన చేత్తో కట్టి, చుట్టాలందరికీ చూపించుకున్న గోడని ఎవరైనా కూలగొట్టించుకుంటారా? వంకర సరిచేయడానికే అయితే, బీడులోని మేకుల్ని పీకి అడివిలోని మేకుల వరసకి కలిపి పాతినా గీత తిన్నగానే వచ్చేది, గోడా మిగిలేది. అడివి కోసమూ పెళ్ళాం కోసమూ అయితే, గోడ కూలుతుంటే మనిషి కంట్లో ఒక్క చుక్కైనా రావద్దూ?

అందుకని నిన్న చీపురుపుల్లల వంక కూడా లేకుండా అడివికి వెళ్ళాను. పిట్ట అరిచింది. మేస్త్రి దుంగ మీద ఉన్నాడు. దుంగ పక్కన ఒక రాయి కొత్తగా దొర్లించి పెట్టి ఉంది. మీ చెల్లెలు అప్పుడప్పుడు వస్తానంటోంది, కూర్చోవడానికని తెచ్చాను, అన్నాడు. ఆ రాయి ఒక పక్కకి వాలి ఉంది. ఆయన దాన్ని సరిచేయలేదు. నేను దాని మీదే, జారకుండా కాలు తన్నిపెట్టి కూర్చున్నాను.

"మరిదీ, సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు" అన్నాను. "గీత తిన్నగా చెయ్యడానికి రెండు దారులున్నాయి. రెండోదైతే నీ గోడ నిలబడేది. నీ చేత్తో నువ్వే దారం దాని మూలకి లాగావు. పగా? అడివా? మా చెల్లెలా? ఏది?"

మేస్త్రి, చుట్టూ ఎవరూ లేరని తెలిసినా, గొంతు తగ్గించాడు.

"అడివి ఉండాలి వదినా. మీ చెల్లెలు ఉండాలి. ఆ గోడ వెనక మూల పోవాలి. నూలుపోగంత వంకర ఉంది దానికి. కట్టిన రోజునుంచీ కాంట్రాక్టరు కాక నాకొక్కడికే తెలుసు, ఎన్నిసార్లు చూసినా పోలేదు. దారం అటు లాగితే అన్నీ కుదిరాయి. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి. గోడ వంకరన్నది కాంట్రాక్టరు అబద్ధమని ఊరంతా నమ్ముతోంది కదా, అలాగే నమ్మనీండి."